శాంక్షన్: మంజూరా, ఆంక్షా?

మేనమామ జిల్లా ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. బిల్లులు, జీవోలు, ఆడిట్ అభ్యంతరాలు చదివి చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. మేనకోడలు హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు, ఎస్సెస్సీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఆమె క్లాసు కోసం రాసుకున్న పదాల జాబితా ఆయన చేతికొచ్చింది. ఒక వరుస దగ్గర ఆయన ఆగిపోయాడు. 'శాంక్షన్ – మంజూరు, అనుమతి' అని ఉంది అక్కడ. ఇంగ్లీషు రాక వెనకబడుతున్న పిల్లలంటే ఇద్దరికీ పట్టింపే. అందుకే వాదనలో ఎవరూ తేలిగ్గా తగ్గలేదు.

మేనమామ: ఈ వరుస ఇలా వదిలెయ్యకు తల్లీ. సగమే రాశావు.

మేనకోడలు: సగమేంటి మామయ్యా? సర్వీసంతా ఈ మాట మీద సంతకాలు పెట్టిన మనిషి మీరు. లోను శాంక్షన్, లీవు శాంక్షన్, పోస్టు శాంక్షన్. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా 'మాకు ఇల్లు శాంక్షనైంది' అంటారు. ఇంతకంటే తేలికైన మాట నా జాబితాలో ఇంకోటి లేదు.

మేనమామ: తేలిక కాబట్టే భయం. తెలియని మాట ఎదురైతే కుర్రాడు ఆగుతాడు, నిఘంటువు చూస్తాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగడు. పేపర్లో 'శాంక్షన్స్ ఆన్ రష్యా' అని కనబడితే రష్యాకు ఎవరో ఏదో మంజూరు చేశారనుకుని ముందుకు పోతాడు. ఇక ఆ పేరా అంతా తలకిందులుగానే అర్థమవుతుంది.

మేనకోడలు: సరే, ఇంకో కామా పెట్టి 'ఆంక్షలు' అని చేరుస్తాను. సరిపోయిందా?

మేనమామ: సరిపోదు. వినాయక నిమజ్జనం రోజున హైదరాబాద్‌లో పోలీసులు ఏం పెడతారు?

మేనకోడలు: ట్రాఫిక్ ఆంక్షలు.

మేనమామ: వాటిని ఇంగ్లీషులో 'ట్రాఫిక్ శాంక్షన్స్' అంటారా?

మేనకోడలు: అనరు. రిస్ట్రిక్షన్స్ అంటారు.

మేనమామ: కరోనా రోజుల్లో పెట్టినవీ రిస్ట్రిక్షన్సే. మన పత్రికలు రిస్ట్రిక్షన్స్‌నూ శాంక్షన్స్‌నూ ఆంక్షలనే రాస్తాయి. తెలుగులో అది తప్పు కాదు, ఆ మాటకు అంత చోటుంది. కానీ నువ్వు 'శాంక్షన్ అంటే ఆంక్ష' అని మధ్యలో గీత గీసి ఇస్తే కుర్రాడు దాన్ని వెనక్కి కూడా తిప్పుతాడు. లేఖ రాయమన్నప్పుడు 'పోలీస్ ఇంపోజ్డ్ ట్రాఫిక్ శాంక్షన్స్' అని రాసి వస్తాడు. మార్కు ఎందుకు పోయిందో వాడికి ఎవరూ చెప్పరు. రిస్ట్రిక్షన్ అంటే హద్దు. ఎవరూ ఏ తప్పూ చెయ్యకపోయినా జనం ఎక్కువైన రోజున హద్దు పెడతారు. శాంక్షన్స్ వేయాలంటే ఎవరో ఏదో కట్టుబాటు మీరారన్న ఆరోపణ ఉండాలి.

మేనకోడలు: మీరు చెప్పేది కాదనను. కానీ నా దగ్గరికొచ్చే పిల్లల్ని మీరు చూడలేదు. అచ్చంపేట నుంచి వస్తారు, నారాయణఖేడ్ నుంచి వస్తారు, అటు కనిగిరి నుంచి వస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటికి ఇంగ్లీషు పేపరు ఎప్పుడూ రాలేదు. హాస్టల్లో ఒక్కో గదికి నలుగురైదుగురు. నోటిఫికేషన్‌కూ పరీక్షకూ మధ్య ఉన్న కొద్ది నెలల్లో లెక్కలు, రీజనింగ్, కరెంట్ అఫైర్స్, వీటన్నిటి తర్వాత ఇంగ్లీషు. ఒక్క మాటకు మీరు ఇంత చెబితే మిగతా మాటల గతేంటి? మీకు ఇంగ్లీషు నేర్పింది ఆఫీసు. ఈ మాటలు రోజూ ఏదో ఒక ఫైల్లో మీ కళ్ళ ముందు తిరిగాయి. నా పిల్లల చుట్టూ ఇంగ్లీషే లేదు, జాబితా ఒక్కటే ఉంది. దాన్నీ చులకన చేస్తే వాళ్ళు దేన్ని పట్టుకుని పైకి రావాలి? అయినా వల్లె వేయడం అంత తప్పా? అమరకోశం వల్లించకుండా పండితుడైనవాడు మన దేశంలో ఉన్నాడా?

మేనమామ: అమరకోశం పేరెత్తావు, మంచిది. మొదటి రెండు కాండల్లో నువ్వన్నట్టే ఒక వస్తువుకు ఎన్ని పేర్లున్నాయో వరసపెట్టి చెబుతాడు. మూడో కాండకు వచ్చేసరికి నానార్థవర్గం అని వేరే పెట్టాడు. అక్కడ లెక్క తిరగబడుతుంది, ఒక మాటకు ఎన్ని అర్థాలున్నాయో చెబుతాడు. హరి అంటే విష్ణువు ఒక్కడే కాదు. సింహం, గుర్రం, కోతి, పాము, కప్ప, చిలక కూడా. అలాంటి మాటలను విడదీసి హెచ్చరించకపోతే చదివేవాడు కావ్యంలో దారి తప్పుతాడని అమరసింహుడికి తెలుసు. నీ జాబితాలో ఆ మూడో కాండ ఏది? పైగా పాత రోజుల్లో కుర్రాడికి అమరం చెప్పి వదిలేసేవారు కాదు. వెంటనే రఘువంశం మొదలుపెట్టించేవారు. పొద్దున వల్లించిన మాట సాయంత్రం శ్లోకంలో కనబడేది.

మేనకోడలు: కోశం సంగతి మీకు తెలుసు, జాబితా సంగతి నాకు తెలుసు. ఇది కోచింగ్ సెంటర్లు కనిపెట్టిన అడ్డదారి కాదు మామయ్యా. మైకేల్ వెస్ట్ అని ఒకాయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు రావడం లేదో పట్టించుకుని చూసి, 1926లో ఒక పుస్తకం రాశాడు. వాళ్ళకు ముందు కావలసింది చదవడం, అందుకు తరచూ వచ్చే మాటలు ముందు నేర్పాలి అన్నాడు. ఆ దారిలో సాగిన పనే 1953లో జనరల్ సర్వీస్ లిస్ట్‌గా అచ్చయింది. సుమారు 2,000 మాటలు. ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లల గురించి ఆలోచించినవాడే జాబితా దాకా వచ్చాడు. నేను చేస్తున్నదీ అదే.

మేనమామ: ఆయన జాబితాలో ఒక్కో మాటకు ఒక్క అర్థమే ఇచ్చాడా?

మేనకోడలు: లేదు. ఒక మాటకు ఎన్ని అర్థాలున్నాయో, ఒక్కో అర్థం ఎంత శాతం సార్లు వస్తుందో లెక్క కట్టి పక్కనే వేశాడు. వాడుకలు కూడా ఇచ్చాడు.

మేనమామ: మరి ఆ వాడుకలు మన గైడు పుస్తకాల దాకా వచ్చేసరికి ఏమయ్యాయి?

మేనకోడలు: రాలిపోయాయి. ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడిలో తెలుగు. అంతకుమించి పట్టే చోటు ఆ పట్టికలో లేదు. ఆ మాట ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా చెబుతాను, ఇది మీ పక్షానికే పనికొస్తుంది. అమెరికా చదువుల కోసం మన పిల్లలు రాసే జీఆర్ఈలో ఒకప్పుడు ఒక మాట ఇచ్చి దాని వ్యతిరేకపదం ఏదని నేరుగా అడిగేవారు. అందుకే బేరన్స్ పుస్తకంలోని జాబితా పట్టుకుని కూర్చునేవారు. 2011 ఆగస్టు నుంచి ఆ ప్రశ్నలు ఎత్తేశారు. వాక్యం ఇచ్చి ఖాళీలో సరిపడే మాట పెట్టమంటున్నారు. బ్యాంకు పరీక్షల్లో క్లోజ్ టెస్టు కూడా అలాంటిదే.

మేనమామ: పరీక్ష పెట్టేవాళ్ళే వాక్యం దగ్గరికి పోయాక నువ్వింకా పట్టిక దగ్గరే ఎందుకు?

మేనకోడలు: ఎందుకంటే వాక్యం చదవాలన్నా కొన్ని మాటలు ముందు తెలిసి ఉండాలి కాబట్టి! సగం మాటలు తెలియని వాక్యంలో మిగతా సగాన్ని ఊహించమంటే ఎవరూ ఊహించలేరు. 'చదువుతూ ఉండండి, అదే వస్తుంది' అనడం ముందే వచ్చినవాళ్ళకు చెప్పే మాట. మీరు జాబితా వద్దనకండి, దాన్ని ఎలా మార్చాలో చెప్పండి. నిన్న ఒక కుర్రాడు రాసిన వాక్యం చూపిస్తాను. 'రైతుకు బ్యాంకు లోను శాంక్షన్ చేసింది, రైతు సంతోషించాడు' అనే భావం రాయమన్నాను. వాడు రాసింది ఇది: 'ద బ్యాంక్ శాంక్షన్డ్ ద ఫార్మర్ అండ్ హీ వాజ్ హ్యాపీ.'

మేనమామ: రైతును బ్యాంకు శిక్షించింది, ఆయన సంతోషపడ్డాడు!

మేనకోడలు: అవును. నేను ఎర్ర సిరాతో 'లోన్' అని చేర్చి ఊరుకున్నాను. మీతో మాట్లాడుతుంటే ఇప్పుడు తడుతోంది, అక్కడ జారిపోయింది లోను ఒక్కటే కాదు, మన 'కు' విభక్తి. తెలుగులో మనం రైతుకు శాంక్షన్ చేశారంటాం. 'రైతును శాంక్షన్ చేశారు' అనం. 'కు' ఉన్నంతసేపూ ఆ మనిషి పుచ్చుకునేవాడు. ఇంగ్లీషులోకి పోయేసరికి 'కు' పోయి, రైతు నేరుగా క్రియ పక్కన పడ్డాడు. అలా పడ్డవాడు అక్కడ దెబ్బ తినేవాడు.

మేనమామ: ఇది బాగుంది. ఇంకొంచెం లాగు.

మేనకోడలు: చూడండి. డబ్బును శాంక్షన్ చేస్తారు, పోస్టును, సెలవును, సమ్మెను, ఖర్చును చేస్తారు. ఇవన్నీ పనులో వస్తువులో. ఇక్కడ శాంక్షన్ అంటే అధికారమున్నవాడి ఆమోదం. అదే క్రియ పక్కన ఒక దేశమో, కంపెనీయో, మంత్రో, ఓడో వస్తే శిక్ష. 'ద బ్యాంక్ శాంక్షన్డ్ ద లోన్.' 'ద యూఎస్ శాంక్షన్డ్ ద బ్యాంక్.' రెండు వాక్యాల్లోనూ అదే క్రియ, అదే కాలం. మొదటిదాంట్లో బ్యాంకు ఇచ్చింది, రెండోదాంట్లో బ్యాంకు ఇరుక్కుంది. దేన్ని శాంక్షన్ చేశారని అడిగితే ఒక అర్థం, ఎవరి మీద అని అడిగితే ఇంకో అర్థం.

మేనమామ: విశేషణంగా వచ్చినా నిలుస్తుందా? మా ఆఫీసులో 'శాంక్షన్డ్ పోస్ట్' అంటే ప్రభుత్వం ఒప్పుకున్న ఉద్యోగం. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి పేపర్లో 'శాంక్షన్డ్ ట్యాంకర్' అని చూస్తున్నాను. అది ఎవరూ ముట్టుకోకూడదన్న ఓడ.

మేనకోడలు: నిలుస్తుంది. పోస్టు ఇచ్చేది, ట్యాంకర్ శిక్ష పడ్డది. నామవాచకంగా వస్తే బహువచనం చూడమంటాను. 'శాంక్షన్స్' అని బహువచనంలో ఉండి, ముందు ఇంపోజ్ గానీ లిఫ్ట్ గానీ, వెనక ఆన్ గానీ ఉంటే అవి ఆంక్షలు. ఏకవచనంలో ఉండి వెనక 'ఆఫ్ ద గవర్నమెంట్' లాంటిది ఉంటే అనుమతి. ఎక్కడో ఒకచోట ఇది తప్పొచ్చు, చాలావరకు తప్పదు.

(ఇక్కడ ఒక్క మాట నాది. రైతుకు, రైతును అన్న తేడా ఏ ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకంలోనూ దొరకదు. ఎందుకంటే అది తెలుగు పిల్లలకే అవసరమైన పాఠం. మన పిల్లలు ఎక్కడ జారతారో మన భాష తెలిసిన టీచరుకే తెలుస్తుంది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు ఇంకా ఉన్నాయి. అక్కడ ఈ 'కు' గురించి చెప్పే వీలు ఏ టీచరుకుంది? ఆ జరిమానాలు పిల్లల ఇంగ్లీషునే దెబ్బతీస్తున్నాయని నా గట్టి నమ్మకం.)

మేనమామ: నీ సూత్రం నాకు నచ్చింది. కానీ అది ఎలా వాడాలో చెబుతుంది గానీ ఎందుకలా అయిందో చెప్పదు. ఎందుకో తెలిస్తే మాట మరిచిపోవడం కష్టం. లాటిన్‌లో దాని మూలానికి పవిత్రం చేయడం, మీరరానిదిగా నిర్ణయించడం అని అర్థం. శాంక్చువరీ, సెయింట్ కూడా ఆ ఇంటివే. రోమన్ల చట్టం చివర, దీన్ని మీరితే ఏమవుతుందో చెప్పే భాగం ఒకటి ఉండేది. దాని పేరు శాంక్షియో. ఒక శాసనానికి బలం రెండు వైపుల నుంచి వస్తుంది. అధికారి దాన్ని ఖాయం చేయడం ఒకటి, మీరినవాణ్ణి దండించడం రెండోది. ఇంగ్లీషు రెండింటినీ ఒకే పేరుతో ఉంచేసుకుంది.

మేనకోడలు: మామయ్యా, పరీక్ష రాసే కుర్రాడికి లాటిన్ ఎందుకు?

మేనమామ: లాటిన్ వద్దులే, మన రాతి శాసనాలు చూపించు. ఏ గుడి గోడ మీదో, ఊరి బయట నిలబెట్టిన రాయి మీదో దానశాసనం ఉంటుంది. మొదట రాజుగారు ఫలానా బ్రాహ్మడికో గుడికో ఇన్ని పుట్ల నేల ఇచ్చాడని ఉంటుంది. అది మంజూరు. చివర, ఈ దానాన్ని హరించినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని, అరవై వేల ఏళ్ళు పురుగై పుడతాడని శాపం ఉంటుంది. రెండూ ఒకే రాయి మీద. శాపం లేకపోతే ఆ మంజూరుకు రేపు ఎవరు విలువిస్తారు? ఇంగ్లీషువాడి శాంక్షన్‌లో ఆ రాయి పైభాగమూ ఉంది, కిందిభాగమూ ఉంది. మన పల్లె కుర్రాడికి ఇది చెప్పి చూడు, మరిచిపోతాడేమో.

మేనకోడలు: మరిచిపోడు, అది నిజం. ఈ ఉదాహరణ తీసుకుంటాను. కానీ మూలాన్ని మరీ నమ్మకండి. 'నైస్' అనే మాట లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో కూడా మొదట్లో తెలివితక్కువవాడు అనే అర్థంలోనే తిరిగింది. ఇవాళ ఆ మూలం పట్టుకుని అర్థం చెప్పుకుంటే పొగిడినవాణ్ణి కొట్టబోతాం. మూలం తెలిస్తే మాట గుర్తుండొచ్చు. ఈ వాక్యంలో దాని అర్థం ఏమిటో మాత్రం పక్క మాటలే చెప్పాలి. నేను మూలంతో మొదలుపెట్టను, చివర్లో చెబుతాను.

మేనమామ: చివర్లో అయినా సరే. ఆ దేశాల ఆంక్షల సంగతి మాత్రం కథగా చెప్పు. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తితే నానాజాతి సమితి ఇటలీ మీద ఆంక్షలు పెట్టింది. అసలు కావలసిన చమురును మాత్రం అందులో చేర్చలేదు. తర్వాతి మే నెలలో అడ్డిస్ అబాబా ఇటలీ చేతికి పోయింది, జూలైలో ఆంక్షలు ఎత్తేశారు. 'శాంక్షన్స్' అంటే యుద్ధం చెయ్యకుండా దేశాన్ని దండించడం అన్న వాడుక మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి ఆ కాలంలోనే పాతుకుంది. ఐక్యరాజ్య సమితి వచ్చాక 1966లో రొడీషియా మీద, తర్వాత దక్షిణాఫ్రికా మీద, 1990లో ఇరాక్ మీద. దక్షిణాఫ్రికాతో 1946లోనే వ్యాపారం తెంచుకున్న దేశం మనది. అంతదూరం ఎందుకు, 1998 గుర్తుందా?

మేనకోడలు: పోఖ్రాన్.

మేనమామ: మే 11న, 13న అణు పరీక్షలు జరిగాయి. అమెరికా తన చట్టం ప్రకారం మన మీద శాంక్షన్స్ వేసింది. చాలావరకు 2001 సెప్టెంబరులో గానీ ఎత్తెయ్యలేదు. ఆ ఆంక్షలు అమల్లో ఉండగానే, పరీక్షల మరుసటి నెలలో, ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు 50 కోట్ల డాలర్లకు పైగా అప్పు ఆమోదించింది. అమెరికా శాంక్షన్స్ కింద ఉన్న దేశంలో మన రాష్ట్రానికి లోను శాంక్షన్! నీ సూత్రం తెలియనివాడు ఆ వాక్యాన్ని ఎలా చదువుతాడు?

మేనకోడలు: ఈ వాక్యం క్లాసులో బోర్డు మీద రాస్తాను. ఇంతకంటే మంచి క్లోజ్ టెస్టు దొరకదు.

మేనమామ: ఇంకో చిక్కు ఉంది. నీ సూత్రానికి అసలు పరీక్ష అక్కడే. 'శాంక్షన్ టు ప్రాసిక్యూట్ ద మినిస్టర్' అని హెడ్డింగ్ వస్తుంది. ఎవరు కనబడుతున్నారు పక్కన?

మేనకోడలు: మంత్రి. మనిషి. నా లెక్క ప్రకారం శిక్ష కావాలి. కాదు, ఆగండి. మంత్రి పక్కన ఉన్నది ప్రాసిక్యూట్. శాంక్షన్ పక్కన ఉన్నది 'ప్రాసిక్యూట్ చేయడం' అనే పని. పనికి శాంక్షన్ ఇస్తే అనుమతే.

మేనమామ: అనుమతే. ప్రభుత్వోద్యోగి మీద, తన విధుల్లో చేసిన పనికి కేసు నడపాలంటే పైవాళ్ళ ముందస్తు అనుమతి ఉండాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 197వ సెక్షను, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218. అవినీతి నిరోధక చట్టంలో 19. పగబట్టి కేసులు పెట్టేవాళ్ళ నుంచి నిజాయితీపరుణ్ణి కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. తప్పు చేసినవాడు దాని చాటున ఏళ్ళ తరబడి దాక్కోవడమూ ఉంది. 'శాంక్షన్ రిఫ్యూజ్డ్' అని వచ్చిందంటే ఆ ఉద్యోగి బయటపడ్డట్టు. ఆంక్ష అనే ఒక్క అర్థం పట్టుకున్న పిల్ల దాన్ని చదివి 'శిక్ష వెయ్యలేదు కాబోలు' అనుకుంటుంది. ఫలితం దగ్గరగానే కనబడుతుంది, జరిగింది మాత్రం వేరు. అక్కడ విచారణకే తలుపు మూశారు.

మేనకోడలు: ఆమోదం అనే అర్థంలో కూడా ఒక కొలత చెప్పాలి. పిల్లలు శాంక్షన్‌ను అలౌ బదులు పెట్టేస్తున్నారు. 'మై మదర్ శాంక్షన్డ్ మీ టు గో టు ద మూవీ' అని ఒకమ్మాయి రాసింది.

మేనమామ: ఆమె ప్రకారం వాళ్ళమ్మ జీవో ఇచ్చింది. శాంక్షన్‌కు కుర్చీ ఉండాలి, ఆ కుర్చీకి అధికారం ఉండాలి. లేదంటే ఆచారమో మతమో చట్టమో ఉండాలి. 'శాంక్షన్డ్ బై కస్టమ్' అంటే తరతరాల వాడుక ఒప్పుకున్నది. ఇంట్లో అమ్మ ఒప్పుకుంటే అలౌ, లెట్, అంతే. ఇంకో సంగతి. శాంక్షన్ అంటే డబ్బు చేతికొచ్చినట్టు కాదు. మా దగ్గర ఇంజనీరింగ్ పనికి అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ వేరు, టెక్నికల్ శాంక్షన్ వేరు. ఆ రెండూ అయ్యాక నిధుల విడుదల, ఆ తర్వాత బిల్లు, ఆ తర్వాత మా టేబులు. పేదవాళ్ళు ఎంతమంది 'శాంక్షనైంది సారూ, పడలేదు' అని కౌంటర్ దగ్గర నిలబడేవారో! వాళ్ళకు ఆ మాట అర్థం మన జాబితాల కంటే బాగా తెలుసు. శాంక్షన్‌కూ పడటానికీ మధ్య దూరం ఎంతో వాళ్ళే నడిచి చూశారు.

మేనకోడలు: అయితే కార్డు ఇలా మారుస్తాను. రెండు గడుల పట్టిక తీసేసి మూడు వాక్యాలు పెడతాను. 'లోను శాంక్షనైంది, డబ్బు ఇంకా రాలేదు' అన్నది మొదటిది. రొడీషియా మీద ఐక్యరాజ్య సమితి శాంక్షన్స్ విధించింది అన్నది రెండోది. ఉద్యోగి మీద కేసు నడపడానికి ప్రభుత్వం శాంక్షన్ ఇచ్చింది అన్నది మూడోది. మూడూ ఇంగ్లీషులో. కింద తెలుగు హెడ్డింగులు: ట్రాఫిక్ ఆంక్షలు, ఇళ్ళ మంజూరు, చమురు కంపెనీల మీద అమెరికా ఆంక్షలు. ఏవి శాంక్షన్ అవుతాయో, ఏది కాదో పిల్లలే తేల్చాలి. అర్థం రాసి ఇవ్వను.

మేనమామ: అర్థం అసలే రాయవా?

మేనకోడలు: వెనక వైపు రాస్తాను. తిప్పి చూసుకోవాలి. రేపు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, వారం పోయాక ఒకసారి అదే కార్డు మళ్ళీ వస్తుంది. మీకు వల్లె వేయడమంటే పడదు గానీ, చూసిన మాట మరుపు పడకముందే మళ్ళీ కనబడాలి. ఆ విషయంలో నేను తగ్గను. రోజుకు పది మాటలు ఇచ్చేదాన్ని, ఆరుకు దిగుతాను. ఆరు కంటే తగ్గించమంటే కుదరదు. మీ రాతి శాసనం ఆదివారం చెబుతాను.

మేనమామ: ఆరు ఎక్కువే అంటాను. మూడు నేర్చుకున్నా రాయగలిగినవి నేర్చుకోవాలి. ఆరు గుర్తుపట్టి, ఒక్కటీ రాయలేని కుర్రాడు బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఏం చేస్తాడు?

మేనకోడలు: ఆ కౌంటర్లో కూర్చోవాలంటే ముందు పరీక్ష గట్టెక్కాలి కదా మామయ్యా. గుర్తుపట్టే మాటలు కొన్ని, రాసే మాటలు కొన్ని. రెండు కట్టలు చేస్తాను. మీరు రాసేవాటి కట్టలో ఏవి ఉండాలో గుర్తు పెట్టండి.

మేనమామ: అయితే ఇదిగో, ముందు పేజీలో ఇది. 'ఓవర్‌సైట్ – పర్యవేక్షణ' అని రాశావు. మా ఆడిట్ జవాబుల్లో సగం 'డ్యూ టు యాన్ ఓవర్‌సైట్' అనే మొదలయ్యేవి. పర్యవేక్షణ వల్ల బిల్లు తప్పయిందని ఏ ట్రెజరీ ఆఫీసరూ రాయడు.

మేనకోడలు: ముందు 'యాన్' ఉంటే పొరపాటు. లేకుండా, వెనక 'ఆఫ్' గానీ 'ఓవర్' గానీ వస్తే పర్యవేక్షణ. ఇదీ సగమే రాశాను. మీ ఆఫీసు వాక్యం ఒకటి మొత్తం చెప్పండి, రాసుకుంటాను.